నీటి లెక్క బడిలోనూ నేర్పాలి

సంపాదకుని గారికి,

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠాలైతే వచ్చాయి. కానీ చాలా బడుల్లో పిల్లలు వాటిని బట్టీ పట్టి, పరీక్ష రాసి మరచిపోతున్నారు. తమ ఊళ్లో బోర్లు ఎందుకు ఎండుతున్నాయో అడిగితే చెప్పలేకపోతున్నారు.

ఈ చదువును పొలంలోనే నేర్పిన అనుభవం మనకుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, నల్గొండ, ప్రకాశం వంటి కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలిచారు. పడిన వానను రాసుకున్నారు, బోర్లలో నీటిమట్టం చూశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని లెక్క కట్టారు. వరికి చాలదని తేలితే ఆరుతడి పంటలకు మళ్లినవారున్నారు. వారిని ఎవరూ నిర్బంధించలేదు. పెద్దగా చదువుకోని రైతులు, మహిళలు సాధించిన విషయమిది!

దీన్ని ఉన్నత పాఠశాలలకు తేవాలి. ఆవరణలో ఒక వర్షమాపకం, కొలవడానికి ఊరి బోరు ఒకటి చాలు. పిల్లలు 15 రోజులకోసారి కొలిచి, ఆ అంకెలను గ్రామసభలో చదివి వినిపించేలా, ఆ పనికి మార్కులు కూడా ఇచ్చేలా రెండు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఉత్తర్వులివ్వాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా