వరస తప్పించమని అడగడం లేదు

సంపాదకులకు నమస్కారం.

కామిక్స్, యానిమేషన్ అభిమానుల కన్వెన్షన్ గురించి మీ ఆదివారం సంచికలో పేజీ నిండా రాశారు. వేషాలు కట్టిన పిల్లల ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. చివర్లో మాత్రం, వికలాంగుల కోసం ర్యాంపులు, వీల్‌చెయిర్లు ఏర్పాటు చేశారని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ కన్వెన్షన్‌కి వీల్‌చెయిర్‌లో వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ర్యాంపు ఉన్నమాట నిజమే, వాలు కూడా సరిగ్గానే ఉంది. నా బాధంతా ర్యాంపు ఎక్కి లోపలికి వెళ్ళాక మొదలైంది. ఆ సంగతి మీ పాఠకులకు, ముఖ్యంగా ఇలాంటివి నిర్వహించేవాళ్ళకు తెలియాలని ఈ ఉత్తరం.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన వ్యవస్థే మన కీళ్ళ మీద పడే జబ్బు ఇది. మోకాళ్ళు, చీలమండలు, వేళ్ళ కణుపులు వాచిపోతాయి. పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటాయి, తర్వాత కాస్త వదులుతాయి. నేను నడుస్తాను. ఆఫీసులో నన్ను చూసేవాళ్ళలో చాలామందికి నాకో జబ్బుందని తెలియదు కూడా. నావల్ల కానిది కదలకుండా నిలబడటం. అందుకే పెద్ద హాళ్ళకి వెళ్తే వీల్‌చెయిర్ వెంట ఉంటుంది. ఇది చాలామందికి మింగుడుపడదు. పైన పెట్టిన కామిక్ అందుకుందామని లేస్తే, దేవుడు ప్రత్యక్షమై అప్పటికప్పుడు కాళ్ళిచ్చినట్టు చూస్తారు. వీల్‌చెయిర్ వాడేవాళ్ళందరికీ కాళ్ళు పూర్తిగా పడిపోయి ఉండవు. గుండె బలహీనమైనవాళ్ళున్నారు, నాలుగడుగులకే ఊపిరి అందనివాళ్ళున్నారు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్ళున్నారు. ఒకరోజు నడవగలిగినవాళ్ళు మర్నాడు నడవలేకపోవచ్చు.

కన్వెన్షన్‌కి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి ఒకటి చెప్పాలి. అక్కడ సగం కాలం వరసల్లోనే పోతుంది. గేటు దగ్గర, సంచుల తనిఖీ దగ్గర, మణికట్టుకి పట్టీ వేయించుకోడానికి, నటులు మాట్లాడే హాలు ముందు, సంతకం కోసం, ఫొటో కోసం, ఆ రోజు మాత్రమే అమ్మే బొమ్మ కోసం, ఆఖరికి బాత్రూం కోసం. అమెరికాలోని శాన్ డియాగోలో జరిగే కామిక్‌కాన్ అనే కన్వెన్షన్ 1970 ఆగస్టులో 300 మందితో జరిగింది. ఇప్పుడు 1,30,000 మందికి పైగా వస్తున్నారు. అక్కడ హాల్ హెచ్ అనే పెద్ద హాల్లో 6,000కు పైగా సీట్లున్నా చాలక, జనం ముందు రోజు రాత్రి నుంచే బయట పడుకునేవాళ్ళు. అది భరించలేక నిర్వాహకులు ముందుగానే చేతి పట్టీలు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఒళ్ళు బాగున్నవాళ్ళకే వరస అంత కష్టమైందన్నమాట. ఇంత తెలిసీ వికలాంగుల విషయానికొచ్చేసరికి ఆలోచన గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మెట్లు తప్పించాం కదా, ఇంకేం కావాలి అన్నట్టుంటారు.

సంతకాల దగ్గర జరిగింది చెప్తాను. నేను ముప్పై దాటాక చూడటం మొదలుపెట్టిన ఒక యానిమేషన్ సీరియల్లో నాయికకి గొంతునిచ్చిన ఆవిడ వచ్చారు. కీళ్ళు కదలని రాత్రుళ్ళు నాకు తోడున్న గొంతు అది. ఆ మాట ఆవిడకి చెప్పాలని వెళ్ళాను. అక్కడ తాళ్ళు కట్టి, అటూ ఇటూ మెలికలు తిరిగేలా వరస పెట్టారు. ఆ మలుపుల దగ్గర నా కుర్చీ తిరగదు. అమెరికా ప్రమాణాల ప్రకారం వీల్‌చెయిర్ నేరుగా పోవడానికి 36 అంగుళాల వెడల్పు చాలు కానీ, గుండ్రంగా వెనక్కి తిరగాలంటే 60 అంగుళాల చోటుండాలి. ఇక్కడ మనిషి వెనక మనిషి పట్టేంతే వదిలారు. వాలంటీరుగా ఉన్న అబ్బాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఎంతో మర్యాదగా "ఆంటీ, మీరిలా వచ్చేయండి" అని తాడెత్తి నన్ను తీసుకెళ్ళి అందరికంటే ముందు పెట్టాడు. వెనక గొణుగుడు మొదలైంది. ఒళ్ళంతా ఫోమ్ షీట్లతో చేసిన కవచం తొడుక్కున్న కుర్రాడొకడు పైకే అనేశాడు, "మేం పొద్దుట్నుంచీ నిలబడ్డామండీ, మాకూ కాళ్ళు పీకుతున్నాయి" అని. అతనన్నదాంట్లో తప్పేముంది? ఆవిడ ముందుకి వెళ్ళేసరికి చెప్పాలనుకున్న మాట నోటికి రాలేదు. వెనక ఎంతమంది తిట్టుకుంటున్నారో అన్న టెన్షన్‌తో సంతకం తీసుకుని బయటపడ్డాను.

మర్నాడు ఇంకో హాలు దగ్గర సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడున్న అమ్మాయి, "మేడమ్, మీరు ఇందాక లేచి నడిచారు, నేను చూశాను. వరసలో రావాల్సిందే" అంది. నాతో వచ్చిన మా మేనల్లుడు, "మా అత్త బదులు నేను నిలబడతాను, తను గోడ పక్కన కూర్చుంటుంది" అన్నాడు. ఒకరి బదులు ఒకరు నిలబడటానికి రూల్స్ ఒప్పుకోవట. ఆ రూల్స్ ఎక్కడున్నాయో చూపించమంటే ఆ అమ్మాయికీ తెలియదు. ఆ పిల్లల్ని అనడానికి నాకు మనసు రావట్లేదు. వాళ్ళు కూడా అభిమానులే, జీతం లేకుండా రోజంతా నిలబడి పనిచేస్తున్నారు. ఏం చేయాలో పైవాళ్ళు చెప్పకపోతే ఎవరికి తోచింది వాళ్ళు చేస్తారు.

నేను అడిగేది చిన్నది. నన్ను అందరికంటే ముందు పంపొద్దు. నా వంతు ఎప్పుడొస్తుందో అప్పుడే వెళ్తాను, అందాకా ఎక్కడో ఒకచోట కూర్చోనివ్వండి. వరస గంటన్నర ఉంటే, గంటన్నర తర్వాతి టైం వేసి ఒక చీటీ ఇవ్వండి. ఆ టైంకి నేనొస్తాను.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఒకప్పుడు వికలాంగులకిచ్చే కార్డు చూపిస్తే పెద్ద వరస తప్పేది. కొన్ని డబ్బున్న కుటుంబాలు వికలాంగుల్ని గంటల లెక్కన డబ్బిచ్చి కుదుర్చుకుని, వాళ్ళ వెంట లోపలికి పోతున్నాయని 2013లో పత్రికల్లో వచ్చింది. ఆ ఏడాదే డిస్నీ ఆ కార్డు ఎత్తేసి, తిరిగి రావాల్సిన టైం ఇచ్చే పద్ధతి పెట్టింది. వరస ఎంతుంటే అంతసేపూ ఆగాల్సిందే, కాకపోతే వరసలో నిలబడక్కర్లేదు. (2024లో దాన్ని ప్రధానంగా ఆటిజం లాంటి ఎదుగుదలకు సంబంధించిన వైకల్యాలున్నవాళ్ళకే అని కుదించారు. నాలాంటివాళ్ళని వదిలేశారని విమర్శలొచ్చాయి. ఆ భాగం మనం కాపీ కొట్టనక్కర్లేదు.)

ఏ జబ్బూ లేనివాళ్ళు కూడా వచ్చి చీటీ అడుగుతారు అంటారు నిర్వాహకులు. అడిగితే అడగనివ్వండి, వాళ్ళు సంతకం దగ్గరకి ఒక్క నిమిషం కూడా ముందు చేరరు. ఆ గంటన్నరలో ఇంకో వరసలో నిలబడి వస్తారు కదా అంటే, అవును, ఆ చిక్కు ఉంది. ఒక చీటీ అయిపోయేదాకా రెండోది ఇవ్వకపోతే అదీ చాలావరకు సర్దుకుంటుంది. నన్నడిగితే అసలు ఈ చీటీ అందరికీ ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఆ కవచం తొడుక్కున్న అబ్బాయి కూడా కాసేపు కూర్చునేవాడు.

హాళ్ళలో మాకు చూపించే చోటు గురించి కూడా చెప్పాలి. అన్నిటికంటే వెనక, కెమెరా స్టాండు పక్కన పెట్టారు. ముందున్నవాళ్ళు లేచి చప్పట్లు కొడితే నాకు కనిపించేది వాళ్ళ వీపులూ, వీపు సంచులూ. తోడొచ్చిన మనిషికి పక్కన కుర్చీ లేదు, మా మేనల్లుడిని ఎక్కడో బాల్కనీలో కూర్చోమన్నారు. శాన్ డియాగోలో ఈ పనులు చూడటానికి విడిగా ఒక విభాగమే ఉంది. తోడొచ్చినవాళ్ళకి బ్యాడ్జి ఇస్తారు, చెవిటివాళ్ళ కోసం సైగల భాషలో చెప్పేవాళ్ళని పెడతారు. అంత పెద్దవాళ్ళతో పోలికేమిటంటారా, అయితే చిన్నది చెప్తాను. అమెరికాలో మాడిసన్ అనే ఊళ్ళో విస్‌కాన్ అని సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభ జరిగేది. వాళ్ళు నేల మీద నీలం టేపు అంటించి, ఇది వీల్‌చెయిర్ నిలిపే చోటు, ఇక్కడ కుర్చీ వేయకండి, ఇక్కడ నిలబడకండి అని గుర్తుపెట్టేవాళ్ళు. దానికయ్యే ఖర్చు టేపు చుట్టలే.

మనుషులు మాత్రం చాలావరకు మంచివాళ్ళే. బొమ్మలు వేసేవాళ్ళ బల్లల మీద వైరు మెష్ నిలబెట్టి ప్రింట్లు వేలాడదీస్తారు, కూర్చున్నవాళ్ళకి వెనక మనిషున్నాడో లేడో కూడా తెలియదు. ఒక చిత్రకారిణి నా కుర్చీ చూసి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ప్రింట్ల ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అడగకుండా వెనక నుంచి కుర్చీ తోసేసినవాళ్ళూ ఉన్నారు, ఫొటో దిగుతూ వాళ్ళ సంచీ నా కుర్చీ పిడికి తగిలించినవాళ్ళూ ఉన్నారు. తోయమంటారా అని ఒక్కమాట అడిగితే చాలు.

అంత కష్టమైతే ఇంట్లో కూర్చుని వీడియోలు చూసుకోవచ్చుగా అని మా బంధువులే అంటారు. మీ పాఠకుల్లోనూ కొందరికి అనిపించవచ్చు. వీడియోలు నేను ఏడాది పొడుగునా చూస్తూనే ఉంటాను. నాకిష్టమైన పాత్ర వేషం వేసుకుని వందమంది ఒకేచోట తిరగడం, ముక్కూమొహం తెలియని పిల్ల నా బ్యాగు మీది బొమ్మ చూసి "మీకూ ఇష్టమా!" అని అరవడం వీడియోలో దొరకదు. ఒకమ్మాయి తన వీల్‌చెయిర్ చుట్టూ అట్టలు కట్టి, రంగు లైట్లు పెట్టి, అంతరిక్ష నౌక చేసుకొచ్చింది. అందరూ ఆ అమ్మాయితో ఫొటో దిగాలని ఎగబడ్డారు. ఆ అమ్మాయి తండ్రి తర్వాత నాతో అన్నాడు, ఆ నౌక లిఫ్టులో పట్టక అట్టలు విప్పి మళ్ళీ కట్టాల్సొచ్చిందని. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందంలో 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో, వినోదంలో పాల్గొనే హక్కు గురించే. ఆసుపత్రికీ ఆఫీసుకీ దారి ఉంటే చాలని దాన్ని రాసినవాళ్ళు అనుకోలేదు.

ఒక భయం కూడా ఉంది. పై అంతస్తు హాల్లో ఉన్నప్పుడు, నిప్పంటుకుంటే నన్ను కిందికి ఎలా దించుతారని ఒక సెక్యూరిటీ ఆయన్ని అడిగాను. "లిఫ్టు ఉందిగా అమ్మా" అన్నాడు. మంటలప్పుడు మామూలు లిఫ్టు వాడకూడదు. మెట్ల మీద దించడానికి ప్రత్యేకమైన కుర్చీలుంటాయి, వాటిని వాడటం తెలిసినవాళ్ళుండాలి, సాయం వచ్చేదాకా ఆగడానికి పొగ చొరబడని చోటు ముందే చూపించాలి. అంత జనంలో అది వేడుక సంగతి కాదు, ప్రాణం సంగతి.

మీ పత్రికకి నాదొక విన్నపం. టికెట్ కొన్నప్పుడు ఫారంలో నా టీషర్ట్ సైజు అడిగారు, అభిమాన పాత్ర పేరు అడిగారు. వీల్‌చెయిర్‌లో వస్తున్నారా, తోడెవరైనా ఉన్నారా, సైగల భాష కావాలా అని అడిగే గడి ఒక్కటీ లేదు. వరస దగ్గర ఏం చేస్తారు, హాల్లో ఎక్కడ కూర్చోబెడతారు, కాసేపు నిశ్శబ్దంగా కూర్చునే గది ఉందా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి వచ్చేసారి టికెట్లు అమ్మకముందే ప్రకటిస్తారా అని నిర్వాహకులకు మెయిల్ పెట్టాను. మీ సలహా మాకెంతో విలువైనదని నిమిషంలోపే జవాబొచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. మీ విలేకరి అడిగితే ఇంకాస్త పొడుగు జవాబు రావచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు