ఫస్ అనే మాట గురించి చెల్లికి

షెఫీల్డ్, ఇంగ్లండ్

చెల్లీ,

నీ మెసేజ్ చూశాను. ఓఈటీ (విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సుల్లాంటివాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) స్పీకింగ్ ప్రాక్టీసులో పేషెంటు పాత్ర చేసినామె "ఐ డోంట్ వాంట్ టు మేక్ ఎ ఫస్" అందనీ, నువ్వు సరేనని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయావనీ, మీ సార్ సరిగ్గా అక్కడే ఆపి మార్కులు తగ్గించారనీ రాశావు. ఆవిడ వద్దంటే వదిలేయడం మర్యాదే కదా అని నీ అనుమానం. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని, ఇవాళ సెలవు కూడా కావడంతో, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

డిక్షనరీ చూస్తే ఫస్ అంటే అనవసరమైన హడావిడి అని ఉంటుంది. అది నిజమే. గోరంతను కొండంత చేయడం, చిన్నదానికి రాద్ధాంతం చేయడం, వచ్చిన దగ్గర్నుంచీ ఆ గిన్నె ఇక్కడెందుకు, ఈ కర్టెన్ ఇలాగెందుకు అంటూ కుదురుగా కూర్చోకపోవడం, అన్నీ ఫస్సే. ఎక్కడైనా జనం గుమిగూడి గోల చేస్తుంటే "వాట్స్ ఆల్ ద ఫస్ అబౌట్?" అంటారు. కౌంటర్ దగ్గర గట్టిగా పేచీ పెట్టుకుంటే "కికింగ్ అప్ ఎ ఫస్". ఇంతవరకూ నీకు ఇబ్బంది ఉండదు.

ఆ మాట పక్కన ఏ చిన్న మాట చేరిందో చూసుకోవాలి. "ఫస్సింగ్ ఓవర్" అంటే ఒకరి వెంటపడి మరీ పట్టించుకోవడం. తిన్నావా, మందు వేసుకున్నావా, కాళ్లకు సాక్సు ఏవీ అని అమ్మ నాన్న చుట్టూ తిరుగుతుందే, అలాగన్నమాట. అందులో విసుగూ ఉండొచ్చు, ప్రేమా ఉండొచ్చు, చెప్పేవాళ్ల గొంతును బట్టి తెలుస్తుంది. "మేక్ ఎ ఫస్ ఆఫ్" అనేది బ్రిటన్ వాడుక, అది పూర్తిగా మంచి మాట. ఒకరిని అపురూపంగా చూసుకోవడం. కొత్తల్లుడు మొదటి సంక్రాంతికి వస్తే మన గోదావరి వాళ్లు చేసే మర్యాదలన్నీ ఈ ఒక్క మాటలో పడతాయి. మా వార్డులో తొంభై నిండిన ఆవిడ పుట్టినరోజుకు అందరం కేకు పట్టుకుని వెళ్లి పాడితే, మర్నాడు కూతురితో ఫోన్లో "దే మేడ్ సచ్ ఎ ఫస్ ఆఫ్ మీ" అని మురిసిపోతూ చెప్పింది. అది ఫిర్యాదు అనుకుంటే ఎంత పొరపాటో చూడు. పేషెంట్ల దగ్గరికి అప్పుడప్పుడు థెరపీ కుక్కను తీసుకొస్తారు. దాన్ని నిమిరి ముద్దు చేయడాన్ని కూడా ఫస్ అనే అంటారు. "కెన్ ఐ గివ్ హిమ్ ఎ ఫస్?" అని అడిగి మరీ చెయ్యి చాస్తారు.

"ఐ యామ్ నాట్ ఫస్డ్" అని కూడా తరచూ వింటావు. టీయా, కాఫీయా అని అడిగితే ఈ జవాబు వస్తుంది. ఏదైనా ఫర్వాలేదు అని అర్థం, అంతే. కొత్తగా వచ్చిన మనవాళ్లకు అది విసురుగా అన్నట్టు వినిపిస్తుంది, నిజానికి ఆ మాటలో కోపం ఏమీ ఉండదు. తిండికి వంకలు పెట్టే పిల్లాడు "ఫస్సీ ఈటర్". అతి చాదస్తంగా ఉండే మనిషిని ఇక్కడ ఫస్‌పాట్ అంటారు, అమెరికాలో ఫస్‌బడ్జెట్. నువ్వు చూసే యూట్యూబ్ పాఠాలు ఎక్కువగా అమెరికావి కాబట్టి ఇంకొకటి గుర్తుంచుకో. వాళ్లు "ఫస్సీ బేబీ" అంటే ఎంత సముదాయించినా ఊరుకోకుండా ఏడుస్తున్న పాప అని. ఇక్కడి తల్లులు ఆ అర్థంలో "గ్రిజ్లీ" అంటారు.

దీని చుట్టాలు ఇంకో రెండున్నాయి. ఫాఫ్ అంటే పనికన్నా తతంగం ఎక్కువ కావడం. మందు ఇవ్వడానికి మూడు తాళాలు తీసి, రెండు సంతకాలు పెట్టాల్సి వస్తే "బిట్ ఆఫ్ ఎ ఫాఫ్" అంటారు, ముఖ్యంగా ఈ ఉత్తర ఇంగ్లండ్ వాళ్లు. పలావర్ అన్నా పెద్ద తతంగమే. పోర్చుగీసులో "మాట" అనే అర్థమున్న పలావ్రా నుంచి వచ్చిందట అది, పడమటి ఆఫ్రికా తీరంలో వర్తకుల బేరసారాల మీదుగా. వీటిని పరీక్షలో నువ్వు వాడక్కర్లేదు, విని అర్థం చేసుకుంటే చాలు.

ఇక మీ సార్ ఆపిన చోటుకు వస్తాను.

పెద్దవయసు పేషెంటు "నేను ఫస్ చేయదలుచుకోలేదు" అన్నాడంటే, దాదాపు ఎప్పుడూ ఏదో ఉంది. చెప్పడానికి మొహమాటపడుతున్నాడు. ఈ ఊళ్లో స్టీలు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు చాలామంది వస్తారు మా దగ్గరికి. జీవితమంతా కొలిమి వేడిలో పనిచేసిన మనుషులు, నొప్పి అని నోటితో అనడమే నామోషీ వాళ్లకు. అలాంటి ఒక పెద్దాయన, తుంటి ఎముక ఆపరేషన్ అయిన మూడో రాత్రి. రౌండ్లో నొప్పి ఎలా ఉందని అడిగితే, "నాట్ టూ బ్యాడ్, లవ్. యూ ఆర్ బిజీ. డోంట్ వాంట్ టు మేక్ ఎ ఫస్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ కుడి చెయ్యి మంచం కమ్మీని పట్టుకుని ఉంది, కణుపులు తెల్లబడేంత గట్టిగా. వాక్యం మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను. 26. ఆక్సిజన్ 92. నాడి 114.

పేషెంటు పరిస్థితి దిగజారుతోందేమో ముందే పసిగట్టే న్యూస్ టూ స్కోరు గురించి నువ్వు చదివే ఉంటావు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో మార్చిన పద్ధతి అది. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, టెంపరేచర్, ఒక్కోదానికి పాయింట్లు. ఊపిరి నిమిషానికి 25కు చేరినా మూడు పాయింట్లు. ఆయనకు మొత్తం ఏడు వచ్చాయి. ఏడంటే ఎమర్జెన్సీ కాల్. డాక్టర్లు వెంటనే వచ్చారు, స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కనబడింది, మందు మొదలుపెట్టారు. కోలుకుని ఇంటికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు కూడా "సారీ ఫర్ ఆల్ ద ఫస్" అనే అన్నాడు!

అందుకే చెబుతున్నాను, ఆ మాట వినబడగానే సరేనని వదిలేయకు. కుర్చీ దగ్గరికి జరుపుకో. "యూ ఆర్ నాట్ మేకింగ్ ఎ ఫస్. ఐ డూ వాంట్ టు నో" అని నెమ్మదిగా చెప్పి, ప్రశ్న మార్చి అడుగు. నొప్పి ఎంత అంటే నాట్ బ్యాడ్ అంటారు. రాత్రి నిద్ర పట్టిందా, పక్కకు తిరిగితే ఎలా ఉంది, గట్టిగా ఊపిరి తీసి చూడండి అంటే నిజం బయటికొస్తుంది. మీ సార్ ఎదురుచూసింది అదే. మార్కులు కూడా వాటికే.

ఇది ఒక్కొక్కరి స్వభావం మాత్రమే కాదు, దేశమంతా ఉన్న అలవాటు. ప్రభుత్వానికే తెలుసు. ఇంగ్లండ్‌లో 2012లో క్యాన్సర్ మీద పెద్ద ప్రచారం చేశారు. మూడు వారాలుగా దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, మీరు ఎవరి టైమూ వేస్ట్ చేయడం లేదు అన్నది దాని సారాంశం. టైమ్ వేస్ట్ చేస్తున్నామేమోనని జనం ఆగిపోతారు కాబట్టే ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

మరో సంగతి నన్ను చాలా కదిలించింది. మార్తా మిల్స్ అని పదమూడేళ్ల పిల్ల. సైకిల్ మీద నుంచి పడి క్లోమానికి దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో ఉండగానే సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా దెబ్బతిని ప్రాణం మీదికి రావడం) ముదిరి 2021లో చనిపోయింది. పరిస్థితి బాగాలేదని తల్లిదండ్రులు చెప్పినా వాళ్ల ఆందోళనను తగినంతగా పట్టించుకోలేదు. ముందుగా ఇంటెన్సివ్ కేర్‌కు మార్చి ఉంటే బతికే అవకాశమే ఎక్కువని తర్వాత విచారణలో తేలింది. వాళ్లమ్మ పట్టుబట్టి పోరాడింది. దాని ఫలితంగా 2024 నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో మార్తాస్ రూల్ అమలు మొదలైంది, తొలి విడతలో 143 చోట్ల. పేషెంటు పరిస్థితి దిగజారుతోందని అనిపిస్తే ఇంట్లోవాళ్లే, పగలైనా రాత్రైనా, వేరే టీమును పిలిచి చూడమని అడగొచ్చు. కన్నతల్లి కంగారు పడుతుంటే దాన్ని ఫస్ కింద తీసేయకూడదని ఒక నియమమే పెట్టాల్సి వచ్చింది. ఆ రూల్ గురించిన పోస్టరు చూసినప్పుడల్లా నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది.

నోట్సులో "పేషెంటు ఫస్ చేస్తున్నాడు", "ఫ్యామిలీ ఫస్ చేస్తున్నారు" అని ఎప్పుడూ రాయకు. హ్యాండోవర్లో, అంటే షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లను అప్పగించే దగ్గర, నోటితో కూడా అనకు. అలా అన్నావంటే తర్వాత షిఫ్టువాళ్లు ఆ మనిషి మాట సగమే వింటారు. ఆయన ఏమన్నాడో ఆ మాటలే రాయి, నువ్వు ఏం చూశావో రాయి. అర్థమైందా?

అమ్మ సంగతి కూడా ఇందులోనే చెప్పేస్తాను. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మేడ మీద నుంచి బట్టలు తీసుకుని దిగివచ్చి, మాట్లాడబోయి ఆగింది. ఏంటమ్మా అంటే "ఏం లేదే, గ్యాసు. ఊరికే మీ ఇద్దరూ హైరానా పడకండి" అంది. పోయిన నెలలో కూడా అలాగే గ్యాసు అంది. ఆడవాళ్లలో గుండె ఇబ్బంది ఛాతీనొప్పి లేకుండా వట్టి ఆయాసంగానో, నీరసంగానో కూడా రావచ్చని నర్సువి నీకు నేను చెప్పక్కర్లేదు. రక్తం తక్కువై కూడా ఉండొచ్చు, థైరాయిడ్ కావచ్చు. ఏదో ఒకటి తేలాలి. తనను అడిగితే వద్దనే అంటుంది, అందుకని అడగొద్దు. శనివారం నువ్వు తణుకు వెళ్తావుగా, పరగడుపున ఉంచి పొద్దున్నే తీసుకెళ్లు. ఈసీజీ, హెచ్‌బీ, టీఎస్‌హెచ్, షుగర్ చేయించు. డాక్టరు ఎకో (గుండె స్కాన్) కావాలంటే అదే రోజు రాజమండ్రి వెళ్లిపోండి, సోమవారం దాకా ఆగొద్దు. నాన్నకు నేను విడిగా ఫోన్ చేసి చెబుతాను, కారు ఆయన చూసుకుంటారు. డబ్బు నీ అకౌంట్లో వేశాను. రిపోర్టులు రాగానే ఫోటో తీసి పంపు, ఇక్కడ ఏ టైమైనా సరే.

మీ అక్క