విద్యార్థి లేని విద్యార్థి కమిటీ

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా విశ్వవిద్యాలయం వారు విద్యా విధానం మీద, విద్యార్థుల అనుభవం మీద అధ్యయనానికి పదకొండు మంది ఆచార్యులతో కమిటీ వేశారన్న వార్త మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. ఫొటోలో శాలువాలు, బొకేలు చూశాను. మనకెందుకులే అనుకున్నాను. నిన్న మా మేనకోడలు ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) పట్టా కోసం మూడోసారి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాక ఇక ఉండబట్టక రాస్తున్నాను.

ఆ పదకొండు మందిలో విద్యార్థి ఒక్కరూ లేరు. అనుబంధ కళాశాలల లెక్చరరూ లేరు. మా పల్లె కాలేజీల పిల్లలు ఆ క్యాంపస్ గేటు చూసేది ఓడీ తెచ్చుకోవడానికి వెళ్లిన రోజునే. వాళ్ల అనుభవాన్ని ఏసీ హాల్లో కూర్చుని ఆరు నెలలు అధ్యయనం చేస్తారట!

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యుడిగానూ ఉన్నవాణ్ని. ఈ కమిటీలు ఎలా నడుస్తాయో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. పదింటికి మీటింగ్ అంటే పదకొండున్నరకు మొదలు. సిలబస్ అప్పటికే స్పైరల్ బైండింగ్ చేసి టేబుల్ మీద ఉంటుంది. హాజరు పట్టీ, ప్రయాణ ఖర్చుల (టీఏ) బిల్లు ఫారం, ఉప్మా ప్లేటు, ఇదీ వరస. ఒకసారి నేను, ‘ల్యాబులో పిపెట్లు చాలక అయిదుగురు కలిసి ఒకే టైట్రేషన్ ప్రయోగం చేసి అందరూ అదే రీడింగ్ రాసుకుంటున్నారు, ప్రయోగాలు తగ్గించి ఉన్నవి సరిగా చేయిద్దాం’ అన్నాను. చైర్మన్ గారు ‘మంచి పాయింట్, మినిట్స్‌లో పెడదాం’ అన్నారు. మినిట్స్ అంటే మీటింగు రికార్డు. తరవాతి మీటింగులో చూస్తే మినిట్స్‌లో ఉన్నది ఒక్కటే ముక్క: ‘సిలబస్‌ను సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు.’ కింద నా సంతకం కూడా ఉంది. బస్సు తప్పిపోతుందని ఖాళీ కాగితం మీద పెట్టి వచ్చాను మరి. ఆ తప్పు నాదే.

నిబంధనలూ అలాగే ఏడ్చాయి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) లెక్కన అటానమస్, అంటే స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో బయటి నిపుణులు ఉండాలి, పరిశ్రమ నుంచి ఒకరు ఉండాలి, ప్రతిభావంతుడైన పూర్వ విద్యార్థి ఒకరు ఉండాలి. ఇప్పుడు చదువుతున్నవాడు మాత్రం అక్కర్లేదు. 2023లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో విద్యార్థికి చోటిచ్చారు, అదీ ప్రత్యేక ఆహ్వానితుడిగా. మార్కుల్లోనో ఆటల్లోనో ముందున్నవాణ్ని చూసి నామినేట్ చేయాలి. అన్నీ బాగున్నవాడికి ఫిర్యాదేముంటుంది? బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టులు) ఉన్నవాణ్ని పిలిచి చూడండి, తెల్లారేదాకా చెబుతాడు.

ఫీడ్‌బ్యాక్ ఫారాలున్నాయి కదా అంటారేమో. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే చాలు, క్లాసుకొచ్చి ‘అన్నిటికీ ఎక్సలెంట్ కొట్టండమ్మా, మన కాలేజీ పరువు’ అని చెప్పిన రోజులు నాకు గుర్తే. లైబ్రరీకి తాళం వేసి ఉన్నా లైబ్రరీ సేవలకు ఎక్సలెంటే.

ఈలోగా మన ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువుల్లో పై నుంచి మార్పులు వచ్చి పడుతూనే ఉంటాయి. 2015-16లో సీబీసీఎస్, అంటే పిల్లలే సబ్జెక్టులు ఎంచుకునే క్రెడిట్ల పద్ధతి అన్నారు. 2020-21లో పది నెలల ఇంటర్న్‌షిప్ అన్నారు. 2023-24లో ఎంపీసీ, బీజెడ్‌సీ లాంటి మూడు సబ్జెక్టుల కాంబినేషన్లు ఎత్తేసి సింగిల్ మేజర్, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు అన్నారు. ఆ ఏడాది సైన్సు పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్లు కలగలిపిన పేపర్లు పెట్టారు. ఎవరు చెప్పాలో తేలక మా స్టాఫ్‌రూమ్‌లో పెద్ద గొడవ. కంప్యూటర్ల యూనిట్ ఎవరూ ముట్టుకోలేదు, చివరికి గెస్ట్ ఫ్యాకల్టీ అమ్మాయి నెత్తిన రుద్దారు. ఆమెకు అప్పటికి నాలుగు నెలల జీతం బాకీ. ఈ మార్పుల గురించి మమ్మల్ని గానీ పిల్లల్ని గానీ ముందు ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్రిటిష్ వాళ్ల అణచివేతకు నిరసనగా 1930లో పదవి వదిలేశారు. ఇప్పుడు పదవులు వదలమని ఎవరూ అడగడం లేదు. మినిట్స్‌లో ‘నేను ఒప్పుకోను’ అని ఒక్క ముక్క రాసే ఆచార్యుడు కనిపిస్తే చాలు.

మా పిల్ల సంగతికి వస్తాను. పొద్దున ఆరింటి బస్సెక్కి, రెండు బస్సులు మారి, పదిన్నరకు ఎగ్జామ్ సెక్షన్ కిటికీ ముందు నిలబడింది. మొదటిసారి చలానా ఒరిజినల్ కావాలన్నారు. రెండోసారి సీఎంఎంలో (అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రంలో) ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా ఉందన్నారు, ప్రింటు చేసింది వాళ్లే. నిన్న వెళితే ‘సారు కమిటీ మీటింగులో ఉన్నారు, సోమవారం రా’ అన్నారట. ఏ కమిటీయో మీరే ఊహించుకోండి.

కొత్త నివేదిక తొందరేమీ లేదు. ఇన్నేళ్లలో వేసిన పాత కమిటీల మినిట్స్ తీసి వెబ్‌సైట్‌లో పెట్టమనండి. ఆ పదకొండు మందిలో ఒక్కరినైనా ఆ కిటికీ ముందు, లోపలి వైపు కాదు, బయటి వైపు, ఒక పూట నిలబడమనండి. ఫ్యాన్ లేదు, మంచినీళ్ల డ్రమ్ముకు గ్లాసు లేదు. గొడుగు తీసుకెళ్లడం మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్

(పేరు, ఊరు వేయవద్దని మనవి. పిల్ల ఓడీ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.)