నీ కాగితంలో నాలుగో వరుస

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నాన్న దీవెనలు. నీ ఉత్తరం, దానితోపాటు మడిచి పంపిన కాగితం అందాయి. వచ్చే మూడేళ్ళలో చేయదలచుకున్నవి ఏడు రాశావు, ప్రతిదానికీ ఎదురుగా ఒక తేదీ వేశావు. చివర చిన్న అక్షరాలతో, "వీటికోసం ప్రార్థన చేయండి నాన్నా. ఇలా లెక్కలు వేసుకోవడం విశ్వాసం లేకపోవడమేనా?" అని అడిగావు.

కాదమ్మా. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. శిష్యరికం గురించి చెబుతూ అన్న మాటే అయినా, లెక్క చూసుకోవడం తప్పయితే ఆ పోలిక తెచ్చేవాడా?

ఈ విషయంలో నేను మళ్ళీ మళ్ళీ చదివేది, పారసీక రాజుకు పానపాత్ర అందించే పనిలో ఉన్న యూదుడు నెహెమ్యా కథనే. యెరూషలేము ప్రాకారం కూలిపోయి ఉందన్న కబురు అతనికి కిస్లేవు నెలలో అందింది. రాజుతో మాట్లాడింది నీసానులో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఆ రోజుల గురించి మనకు కనిపించేది కన్నీళ్ళు, ఉపవాసం, ప్రార్థన. కానీ రాజు "నీకేమి కావాలి" అనగానే అతని నోట వచ్చిన మాటలు చూడు. ఎంతకాలం సెలవు కావాలో చెప్పాడు. నది అవతలి అధికారులకు ఉత్తరాలు అడిగాడు. దూలాలకు మ్రానులు ఇప్పించమంటూ, అడవులు కాచే ఆసాపు పేరుతో సహా అడిగాడు! ఆ వివరాలన్నీ మోకాళ్ళ మీద ఉన్న నెలల్లోనే తయారయ్యాయని నా నమ్మకం. ప్రాకారం 52 రోజుల్లో పూర్తయిందని ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాను. ఆ నాలుగు నెలల గురించి విన్నది తక్కువ.

నీ కాగితం చూసి నాకు కలిగిన దిగులు అదే. అన్నీ నిర్ణయించి, తేదీలు వేసి, ఆ తర్వాత ప్రార్థన అడిగావు. ఫలానా పట్టణానికి వెళ్ళి, ఏడాది ఉండి, లాభం సంపాదిస్తామనేవాళ్ళను యాకోబు తన పత్రికలో మందలించింది రేపు తమ చేతిలో ఉన్నట్టు మాట్లాడినందుకే. "ప్రభువు చిత్తమైతే" అని నేనూ ఉత్తరాల్లో అలవాటుగా రాసేవాణ్ణి. ఆ మాట బరువు తర్వాత తెలిసింది.

నీకెప్పుడూ చెప్పలేదు. నీ వయసులో నేను బైబిలు కళాశాలకు దరఖాస్తు నింపి, కవరు అతికించి, స్టాంపు కూడా అంటించాను. ఆ వారమే తాతయ్య మంచాన పడ్డారు. ఆ కవరు నా బైబిల్లో మలాకీకీ మత్తయికీ మధ్య ఏళ్ళ తరబడి ఉండిపోయింది. దేవుడు నన్ను అక్కర్లేదనుకున్నాడేమో అని చాలాకాలం కుమిలిపోయాను. మందిరం కట్టాలని దావీదు ఆశపడితే నాతాను ప్రవక్త సరేనన్నాడు, ఆ రాత్రే దేవుడు వద్దన్నాడు. అయినా ఆ తలంపు నీకు కలగడం మంచిదే అని కూడా అన్నాడు. దావీదు అలిగి కూర్చోలేదు. ఇనుము, ఇత్తడి, దేవదారు మ్రానులు కొడుకు కోసం పోగు చేశాడు. ఆ అధ్యాయం చదివిన వారంలోనే సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. ఇప్పటికీ చెబుతున్నాను.

నీ కాగితంలో నాలుగో వరుస, ఉద్యోగం మానేసి పై చదువుకు వెళ్ళడం. అక్కడ తేదీ మూడుసార్లు కొట్టేసి రాశావు. పెన్ను ఒత్తిడికి కాగితం చిరిగింది. నీ భయమంతా అక్కడే ఉందని అమ్మ చూడగానే కనిపెట్టింది. ఆ తేదీని ప్రస్తుతానికి ఖాళీగా వదిలెయ్యి. ఈ నెలంతా ఉదయం ప్రార్థనలో దాన్నే దేవుని ముందు పెట్టు. ఫీజు, ఖర్చులు, ఆగిపోయే జీతం ఒక పక్క రాసి నాకు పంపు. మిగతా ఆరూ కూడా ఆయనకు చదివి వినిపించు, మార్చవలసినవి ఉంటే మార్చుకో. కాగితాన్ని అమ్మ తన బైబిల్లో పెట్టుకుంది. రాత్రి ప్రార్థనకు కూర్చున్నప్పుడు ముందు దాన్నే తీస్తోంది.

ప్రేమతో,
నాన్న