రాత్రిపూట నర్సు ఉన్నారా లేరా? మీ సంస్థపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

నెల్లూరులోని మీ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న మా అమ్మ గురించి ఎన్నో మెయిళ్లు పెట్టాను, ఫోన్లు చేశాను. ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. అందుకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

పక్షవాతంతో మంచం పట్టిన అమ్మకు నడుం కింద పుండు పడింది. డాక్టరు చూస్తున్నారు, మానుతుంది. కానీ ఒక్క ప్రశ్న అడిగినందుకు మీవాళ్లు నన్ను తిప్పిన తీరుకు కడుపు మండిపోతోంది. రాత్రి డ్యూటీ నర్సు ఎవరని రిసెప్షన్‌లో అడిగితే మేనేజర్‌ని అడగమన్నారు. మేనేజర్ గారు ఎప్పుడడిగినా మీటింగ్‌లోనే. కావలి నుంచి పనిగట్టుకుని వచ్చి కూర్చుంటే, "స్టాఫ్ విషయాలు హైదరాబాద్ ఆఫీసు చూసుకుంటుంది మేడం" అని నడుస్తూనే చెప్పి వెళ్లిపోయారు. హైదరాబాద్‌లో ఫోనెత్తిన అమ్మాయి పేషెంట్ నంబరు, బిల్లు నంబరు అన్నీ రాసుకుని, "ఇది మీ బ్రాంచిలోనే అడగాలండీ" అంది. మర్నాడు మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవలకు రేటింగ్ ఇవ్వండి అని. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు?

అమ్మ మంచానికి తగిలించిన చార్టు చూడండి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి అందులో సంతకం పెట్టాలి. నేను సాయంత్రం ఆరింటికి చూసేసరికే రాత్రి పదింటిదాకా సంతకాలు అయిపోయాయి. ఫొటో తీసి పంపినా ఉలుకూ పలుకూ లేదు.

పాత నైట్ సిస్టర్ ఉన్నప్పుడు ఇలా లేదు. ఆవిడ దుప్పటి తీసి మడమలు, తుంటి చూసేది. చర్మం ఎర్రబడి, నొక్కినా ఎరుపు పోకపోతే అప్పుడే డాక్టరుకు చెప్పేది. ఇన్సులిన్ వేసేముందు అమ్మ ఎంత తిన్నదో కనుక్కునేది. షుగర్ పడిపోతే మాట రాని మనిషి ఎవరికి చెప్పుకుంటుంది? ఆ చెమటలు, ఆ మగత చూసి నర్సే పసిగట్టాలి. ఆ సిస్టర్‌ని వేరే ఊరికి మార్చి, రాత్రంతా ఫ్లోరును ఒక్క ఆయమ్మకు వదిలేశారు. ఆయమ్మ పాపం రెక్కలు ముక్కలు చేసుకుంటోంది. నర్సు పని ఆమె నెత్తిన పెట్టడం ఆమెకూ అన్యాయమే. నర్సింగ్ చార్జీలు మాత్రం మా దగ్గర నెలనెలా విడిగా తీసుకుంటున్నారు.

మా నాన్న ఆఖరి రోజులు కూడా మీ దగ్గరే గడిచాయి. అప్పటి సిస్టర్లను చూసే అమ్మను అప్పగించాం, బంధువులకూ మీ పేరే చెప్పాం. ఆ నమ్మకానికి ఒక్క ఫోనన్నా చేయలేకపోయారా?

రాత్రి డ్యూటీకి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన నర్సును పెట్టండి, అమ్మ నర్సింగ్ రికార్డు కాపీ ఇవ్వండి. ఈసారి మీరే మాట్లాడాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేస్తాను. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉందని ధీమాగా ఉండకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. వేస్తాను కూడా.

ఇట్లు,
మీ కేంద్రంలో ఉంటున్న ఒక తల్లి కూతురు,
కావలి