అది హమ్మింగ్ బర్డ్ కాదండీ, మన తేనెపిట్ట

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో మందార కొమ్మ మీద కూర్చున్న పిట్ట ఫొటో వేసి కింద "మన ఊళ్లో హమ్మింగ్ బర్డ్" అని రాశారు. అది తేనెపిట్టండీ. హమ్మింగ్ బర్డ్స్ అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. మా మనవరాలు ఆ ఫొటో కత్తిరించి స్కూల్ ప్రాజెక్టులో అంటించేసింది, అందుకే ఉండబట్టలేక రాస్తున్నా.

రెండేళ్ల క్రితం జులైలో మా అబ్బాయి దగ్గరికి అమెరికాలోని డెన్వర్ వెళ్లినప్పుడు ఎస్టెస్ పార్క్ అనే కొండ ఊరికి తీసుకెళ్లాడు, 7,500 అడుగుల ఎత్తులో ఉంటుంది, చుట్టూ పైన్ చెట్ల అడవి. అక్కడ ముందు పిట్ట కనపడలేదు, సౌండ్ వినపడింది, సన్నటి మువ్వలు గబగబా ఊపినట్టు జిర్ర్‌మని. అది కూత కాదట, మగ బ్రాడ్ టెయిల్డ్ హమ్మింగ్ బర్డ్ ఎగురుతుంటే రెక్క చివరి ఈకల్లోంచి గాలి పోయి వచ్చే చప్పుడట! కాసేపటికి పైన్ కొమ్మ చివర వాలింది, నా బొటనవేలంత ఉందేమో, వీపు ఆకుపచ్చ, గొంతు మాత్రం బొగ్గులా నల్లగా ఉంది, ఇదేంటి అనుకునేలోపు తల ఇటు తిప్పింది, గొంతంతా రాణీ కలర్లో భగ్గున వెలిగింది, మళ్లీ తల తిప్పగానే నలుపే. వెలుతురు పడే కోణాన్ని బట్టి ఆ రంగు కనపడుతుంది కాబట్టి ఒక్క ఫొటో చూసి పేరు చెప్పేయకూడదని అప్పుడే అర్థమైంది.

అదే నెలలో అక్కడికి రూఫస్ అనే ఇంకో రకం కూడా వస్తుంది, ఉత్తరాన పిల్లల్ని చేసుకుని దక్షిణానికి పోతూ దారిలో ఆగుతుంది, మగదానికి వీపు ఇటుక రంగు, పంచదార నీళ్ల ఫీడర్ దగ్గర ఇంకోదాన్ని వాలనివ్వదు. ఆడవైతే రెండూ ఒకేలా అనిపిస్తాయి, నాకు ఒక్కటి కూడా తేలలేదు, నోట్‌బుక్‌లో "ఆడది, రకం తెలీదు" అనే రాసుకున్నా. బ్రాడ్ టెయిల్డ్ బరువు 4 గ్రాములు కూడా ఉండదు, అయినా చలికాలానికి మెక్సికో, గ్వాటెమాలా దాకా వెళ్లిపోతుంది.

మన తేనెపిట్ట ముక్కు వంకీ తిరిగి ఉంటుంది, అప్పుడప్పుడు గాల్లో నిలబడ్డా ఎక్కువగా కొమ్మ పట్టుకునే తేనె తాగుతుంది, గూడు తీగకి సంచిలా వేలాడుతుంది. హమ్మింగ్ బర్డ్ గాల్లోనే నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది, నేను చూసినదాని గూడైతే కొమ్మ మీద చిన్న గిన్నెలా ఉంటుంది. సాలెగూడు దారం మాత్రం ఇద్దరూ వాడతారు, అది నాకు భలే నచ్చింది.

దయచేసి వచ్చే ఆదివారం అదే ఫొటో మళ్లీ వేసి కింద తేనెపిట్ట అని రాయండి. మూలన చిన్నగా కాదు, అంతే సైజులో. మా పిల్లది ప్రాజెక్టులో పాతది పీకేసి అది అంటించుకుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి