అది పెయింటు గీత కాదు

నెలన్నరగా షాపుకొచ్చిన ప్రతి అల్యూమినియం సైకిల్‌నీ తలకిందులు చేసి, పెడల్స్ తిరిగే చోట అడుగున టార్చి వేసి చూస్తున్నాను. ఎందుకండీ అని అడిగినవాళ్లకి "ఊరికే" అన్నాను. ఊరికే కాదు. మీలో చాలామంది ఈ సైకిళ్లు నా మాట నమ్మి కొన్నారు కాబట్టి సంగతేంటో చెప్పేస్తాను.

ఆరేళ్లుగా వారానికి నాలుగు రోజులు బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొచ్చే కస్టమర్ ఒకాయన సర్వీసింగ్‌కి సైకిల్ ఇచ్చారు. బీబీ (పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) వెనక, చైన్ స్టే (అక్కడి నుంచి వెనక చక్రానికి వెళ్లే ట్యూబు) వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. బొటనవేలితో రుద్ది చూసి, "పెయింటు పగిలిందండీ, ఏం కాదు" అని పంపించేశాను. మూడు వారాలకి రుషికొండ దగ్గర ఎత్తు ఎక్కుతుంటే కింద నుంచి కిర్రుమని చప్పుడు. ఆయన పాత కాపు కాబట్టి వెంటనే దిగిపోయారు. చూస్తే ట్యూబు చుట్టూ సగం దాకా పగులు. ఆటోలో వేసుకుని షాపుకి తెచ్చారు. కోప్పడలేదు. "పెయింటన్నారు కదండీ" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

ఫ్రేముకి వారెంటీ ఉంది కాబట్టి కొత్తది వచ్చింది. సామాన్లన్నీ దానికి మార్చి బిగించినందుకు నేను డబ్బు తీసుకోలేదు. కాకపోతే నీలం రంగు దొరక్క నలుపు వచ్చింది. ఆయనకి ఆ నీలమే ఇష్టం. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఈ సంగతి విని ఇంకో కస్టమర్ షాపుకొచ్చారు. ఓడల పనిలో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. చేతిలో మూడు స్ప్రే డబ్బాలు. "మాస్టారూ, ఓడ పగులు కనిపెట్టే మందు సైకిల్ పగులు కనిపెట్టదా?" అన్నారు. అనుమానం ఉన్నచోట పెయింటు గీకేసి, శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు ద్రవం కొట్టి కాసేపు ఆగాలి. తర్వాత దాన్ని తుడిచేసి తెల్ల స్ప్రే కొట్టాలి. లోహంలో పగులుంటే లోపల దాక్కున్న ఎరుపు ఆ తెలుపు మీదికి ఊరుతుంది. లేకపోతే తెలుపు తెల్లగానే ఉంటుంది. వెల్డింగ్ షాపుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఇన్నేళ్లు సైకిళ్లు అమ్ముతూ నేను ఒక్కసారీ వాడలేదు. ఇప్పటికి ఐదు ఫ్రేములకి చేశాం. నాలుగింటిది పెయింటే. ఒకటి పగులు. ఆ సైకిల్ ఇప్పుడు షాపులోనే ఉంది, ఓనరుకి విషయం చెప్పాను.

దీంతో అల్యూమినియం అంటే భయపడకండి. అసలు సంగతి ఇది. స్టీలు మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్ని లక్షల సార్లు తొక్కినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ప్రతి తొక్కుడూ దాని ఖాతాలో పడుతూనే ఉంటుంది. అందుకే మంచి ఫ్రేము చేసేవాళ్లు ఆ ఖాతా నిండడానికి చాలా ఏళ్లు పట్టేలా లెక్క కట్టి చేస్తారు. మనం డబ్బు పెట్టేది ఆ లెక్కకే.

ఆ లెక్క నాకెంత ముచ్చటో మీకు తెలుసు, షాపులో దొరికినవాళ్లందరికీ చెబుతుంటాను కదా. అల్యూమినియం బరువు స్టీలులో మూడో వంతు. అయితే బిగువు కూడా మూడో వంతే. స్టీలు సైకిల్ అంత సన్న ట్యూబులతో చేస్తే తొక్కుతుంటే ఊగిపోతుంది. కాబట్టి ట్యూబు లావు చేయాలి. బరువు అంతే ఉంచి, గోడ పల్చన చేసి, వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు నాలుగింతలవుతుంది. 1970ల్లో అమెరికాలో ఎంఐటీలో చదువుకుంటున్న గ్యారీ క్లైన్ పట్టుకున్న కిటుకు ఇదే. 1983లో కానన్‌డేల్ కంపెనీ తన మొదటి సైకిల్‌ని ఇలాంటి లావు ట్యూబులతోనే తెచ్చింది. అప్పట్లో చూసినవాళ్లు నవ్వారేమో గానీ, ఇవాళ రోడ్డు మీద కనిపించే అల్యూమినియం సైకిళ్లన్నీ ఆ పోలికే.

ఖరీదైన ఫ్రేములో ట్యూబు అంతా ఒకే మందం ఉండదు. వెల్డింగ్ పడే చివర్లు మందంగా, మధ్యలో మిల్లీమీటరు లోపుకి పల్చబడుతుంది. మీ గోటితో తట్టి చూడండి, చివర ఒక చప్పుడు, మధ్యలో ఇంకో చప్పుడు. అందుకే కారు ర్యాకుకి గానీ రిపేరు స్టాండుకి గానీ ఫ్రేము మధ్యలో బిగించకండి, సొట్ట పడుతుంది. సీట్ పోస్ట్ (సీటుని మోసే గొట్టం) పట్టుకుని బిగించండి.

తర్వాత వెల్డింగ్. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, కానీ దాని పైన ఉండే ఆక్సైడ్ పొర కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. పొర కరిగేదాకా వేడి పెడితే లోపలి లోహం జారిపోతుంది. టిగ్ వెల్డింగ్‌లో ఏసీ కరెంటుతో ఆ పొరని చెదరగొడుతూ, ఆర్గాన్ గ్యాసు కప్పి, చెయ్యి వణక్కుండా కడ్డీ అందిస్తూ పోవాలి. బాగా కుదిరిన అతుకు చేప పొలుసుల్లా వరసగా ఉంటుంది. అక్కడితో అయిపోలేదు. ఆ వేడికి ఫ్రేములకి వాడే 6061 రకం అల్యూమినియం అతుకు చుట్టూ దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. కాబట్టి ఫ్రేము మొత్తాన్ని 530 డిగ్రీల దాకా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. అప్పుడది మెత్తగా ఉంటుంది, వంకరలుంటే ఆ కాసేపట్లోనే సరిచేయాలి. మళ్లీ 170 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి ఉంచితే పోయిన బలం తిరిగొస్తుంది. లోహం పేరు చివర, 6061-టీ6 అన్నట్టు, టీ6 అని ఉండేది దీన్ని గురించే.

ఇక్కడ ఇంకో తప్పు ఒప్పుకోవాలి. కొన్ని ఫ్రేములకి అతుకు కనపడదు. రెండుసార్లు వెల్డింగ్ చేసి ఆకురాయితో నునుపు చేస్తారు. అది చూపించి "అతుకే లేని ఫ్రేమండీ" అని నేను అమ్మిన రోజులున్నాయి. అతుకు ఉంది, కనపడదంతే. చూడ్డానికి బాగుంటుంది గానీ, అతుకు కనపడనంత మాత్రాన ఫ్రేము బలమైనదని కాదు.

పగిలిన ఫ్రేముకి వెల్డింగ్ చేసిపెట్టమని అడుగుతున్నారు కొందరు. ఇక చేయించను. లోకల్‌గా అతికిస్తే ఆ చోట పోయిన బలాన్ని తిరిగి తెప్పించే కొలిమి మన దగ్గర లేదు. పైకి గట్టిగా కనిపిస్తుంది, ఘాట్ దిగేటప్పుడు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

కార్బన్ ఫైబర్ సైకిల్ కొనలేనివాళ్లకే అల్యూమినియం అనే మాట కూడా ఇకమీద నా నోట రాదు. 1998లో ఇటలీ రేసర్ మార్కో పాంటానీ రెండు పెద్ద రేసులు, జీరో డి ఇటాలియానీ, టూర్ డి ఫ్రాన్స్‌నీ, ఒకే ఏడాది గెలిచింది బియాంకీ కంపెనీ అల్యూమినియం సైకిల్ మీదే. ఒళ్లు హూనం చేస్తుందనే పేరు దానికి చాలావరకు ఆ కాలపు 23 మిల్లీమీటర్ల టైర్ల వల్ల వచ్చింది. వాటిలో రాయిలా గాలి కొట్టేవాళ్లు. 30 మిల్లీమీటర్ల టైరు వేసి గాలి 65, 70 పీఎస్‌ఐ దగ్గర ఆపండి. మధురవాడ సర్వీస్ రోడ్డు మీద తేడా మీకే తెలుస్తుంది. మీ ఫ్రేములో 30 పడుతుందో లేదో నేను చూసి చెబుతాను, ఊరికే కొనేయకండి.

మన ఊళ్లో అల్యూమినియానికి అసలు శత్రువు ఉప్పు గాలి. తుప్పు పట్టదు కదా అని వదిలేస్తారు. నిజమే, ఎర్ర తుప్పు పట్టదు. కానీ ఉప్పు తడి తగిలితే స్టీలు బోల్టు చుట్టూ, కార్బన్ సీట్ పోస్ట్ చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడి కట్టి ఉబ్బుతుంది. చెమట దానికి తోడు. పోయిన వేసవిలో ఒక పోస్ట్ పీకడానికి నాకు రెండు రోజులు పట్టింది, చివరికి కోసి తీశాను. రెండు నెలలకోసారి పోస్ట్ బయటికి తీసి తుడిచి, మెటల్ పోస్టుకి గ్రీజు, కార్బన్ పోస్టుకి కార్బన్ పేస్టు రాసి పెట్టండి. ఇంటికి రాగానే తడి గుడ్డతో ఒకసారి తుడవండి.

ఇక షాపు సంగతులు. ఫుల్ సర్వీస్ ధర 1,800 రూపాయల నుంచి 2,200కి పెంచుతున్నాను. వెల్డింగుల దగ్గర శుభ్రం చేసి భూతద్దంతో చూడ్డానికి అరగంట పడుతోంది, ఆ నాలుగు వందలు దానికే. నా దగ్గర కొన్న సైకిళ్లకి ఈ చూపు ఒక్కసారి ఉచితం, ఎన్నేళ్ల పాతదైనా సరే. రంగు పరీక్ష అవసరమైతే ముందే చెబుతాను, ఎందుకంటే పెయింటు గీకాల్సి వస్తుంది.

2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అయినా లక్షన్నర పైన సైకిళ్లు ఇకమీద అడ్వాన్సు ఇస్తేనే తెప్పిస్తాను. లాక్‌డౌన్ తర్వాత వచ్చిన ఊపు చూసి ఆశపడి తెప్పించినవి రెండు ఇంకా గోడకి వేలాడుతున్నాయి, రెండూ 56 సైజు. పొడుగువాళ్లు ఎవరైనా ఉంటే రండి, నాకు పడిన ధరకే ఇచ్చేస్తాను.

సోమవారం షాపు సెలవు. పోస్ట్ బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టకుండా అలాగే తీసుకురండి.